మీసం లేని అమ్మ పటం

తల వంచి రా దుర్గాశ్రీ, నువ్వు వంచకపోతే ఆ గుమ్మమే వంచుతుంది. కూర్చో. చిట్టియ్య గారి మనవరాలు తాత డైరీలు పట్టుకుని ఊరంతా తిరుగుతోందని నాకు పొద్దున్నే తెలిసింది. ఎలాగంటావేంటి, పల్లంరాజు కంట్లో పడ్డావుగా, ఇంక మైకు అక్కర్లేదు. రాజమండ్రిలో ఎగ్జిబిషన్ పెడుతున్నారా? బొమ్మలు పెడితే అర్థముంది గానీ డైరీలెందుకమ్మా? ఏదీ, ఒక పేజీ చదువు. 'ఆనపకాయ పులుసు. కాలవకి నీళ్ళు వదిలారు, పాలు తక్కువైన కాఫీ రంగు. పడవ మీద పేరు రాశాను, బాగోలేదని చెరిపించారు.' విన్నావా? ఎప్పటిదో పులుసు చూడ్డానికి రాజమండ్రి జనం లైన్లో నిలబడాలన్నమాట. నిలబడతార్లే, వాళ్ళకి మాత్రం ఏం పని.

అయినా మీ తాతకి అసలు పని ఎండాకాలంలోనే. కాలవ కట్టేస్తే పడవలన్నీ బురదలో ఒరిగిపోయి ఉండేవి, వాటికి రంగులేసేవాడు. ఓ చేతిలో బీడీ, ఓ చేతిలో కుంచె. ఒకరోజు బీడీ అనుకుని కుంచె నోట్లో పెట్టుకున్నాడు. పచ్చటి నాలికేసుకుని తిరుగుతూ, అడిగినవాళ్ళకి పసరు మందు అని చెప్పాడు. అది రాశాడా అందులో? రాయడు. పులుసు రాస్తాడు.

ఆ గోడమీద పటమా? మా అమ్మ, అచ్చాయమ్మ. వేసింది మీ తాతే. అచ్చం నా పోలికే అంటావా? అందరూ అదే అంటారు. ఎందుకనరు! నాకు ఏడాది నిండకుండానే పోయింది మా అమ్మ. ఫోటో లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనేవారు అప్పట్లో. మా అమ్మ తీయించుకోలేదు, అయినా తగ్గింది. నా పెళ్ళి కుదిరాక, పీటలెక్కే ముందు తల్లి పటానికి దణ్ణం పెట్టాలన్నారు. పటం ఎక్కడిది? మీ తాతని పిలిచాం. ఫోటో లేనివాళ్ళయితే, చూసినవాళ్ళు చెబుతుంటే ముందు పలక మీద గీసేవాడు. అందరూ ఔనన్నాకే రంగుల్లోకి దింపేవాడు. మా బుచ్చెమ్మ పెద్దమ్మ, అంటే అమ్మకి సొంత అక్క, 'మా చెల్లిది కోల మొహం' అంది. మా శ్యామలాంబ మేనత్త, 'కాదు, గుండ్రం. ముక్కు మాత్రం అచ్చం నాదే' అంది. 'ఆడపడుచు ముక్కు మా చెల్లికెలా వస్తుందే?' 'కాపరానికొచ్చాక వచ్చింది!' ముక్కులు చెరిపీ చెరిపీ పలక అరిగిపోయింది. నేనే అడిగాను, 'మీరూ చూశారు కదండీ, ఎలా ఉండేది మా అమ్మ?' అని. 'ఆడవాళ్ళ మొహంలోకి చూసే రోజులా అవి బుల్లబ్బాయీ, గుర్తులేదు' అన్నాడు. ఇంక విసుగొచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నా మొహమే దింపేసి, మీసం తీసేసి, బొట్టూ ముక్కుపుడకా పెట్టేశాడు. అత్తా పెద్దమ్మా అది చూసి 'అచ్చాయమ్మే, అచ్చాయమ్మే' అని ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికొచ్చింది జన్మలో అప్పుడే. అలా నా పెళ్ళిలో నాకు నేనే దణ్ణం పెట్టుకున్నాను. మా ఆవిడకి ఈ సంగతి తెలీదు. బతికున్నన్నాళ్ళూ 'మా అత్తగారిది కాస్త గయ్యాళి మొహమండీ' అంటూనే ఉండేది.

నవ్వు, నవ్వు. నేను నవ్వితే మాత్రం కండువా నోటికి అడ్డం పెట్టుకుంటానని ఊళ్ళో కుర్రాళ్ళు వెక్కిరిస్తారు, పళ్ళూడిపోయాయని. పళ్ళన్నీ ఉన్నప్పుడూ ఇంతే నేను. ఎక్కణ్ణుంచి అంటుకుందో మరి. మా నాన్నయితే అసలు నవ్వేవాడే కాదు.

ఏంటీ? ఎవరి పేరూ? అచ్చాయమ్మలు వీధికొకరుండేవారమ్మా. ఎవరింట్లోనని రాశాడు? వెంకన్న గారింట్లోనా? వెంకన్న మా తాతే. చదువు. 'వెంకన్న గారి అరుగు గోడకి పద్మాలు వేశాను. కొత్తకోడలు అచ్చాయమ్మ, నా పద్మం గుత్తొంకాయలా ఉందంది. అని నవ్వింది. నవ్వితే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, మొహం కనపడలేదు. మధ్యాహ్నం అక్కడే భోజనం. చారు బాగుంది.'

మళ్ళీ చదువు.

చెంగా? నోటికా?

...గుత్తొంకాయ అందా.

ఎండ నీ మీదికొచ్చేసింది, కుర్చీ ఇటు లాక్కో. ఇంకేం లేదా? ఏం చారో రాయలేదా మీ తాత?