తువ్వాలు కింద ఫోను

"ఫ్రీ అన్నాడు కదాని నమ్మావా రావమ్మా? జీవితమంతా పశువుల సంతలో బేరాలు కుదిర్చినవాణ్ణి, నన్నడగాలి గానీ," అంటూ వెంకటసుబ్బారావు గారు కంకిపాడు బస్టాపు పక్కన టీకొట్టు బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

కొట్టు రావమ్మదే. వాళ్లమ్మ ఫోటో ఆవిడ దగ్గర ఒక్కటే ఉంది, అదీ చిరిగింది. ఫ్రీ అన్న యాప్‌లో పెడితే చక్కగా బాగుచేసింది గానీ, తీసుకోవాలంటే నాణేలు కొనమంటోంది. నాణెం ఎన్ని రూపాయలో చెప్పదు. రేపే అమ్మ సంవత్సరీకం, ఈలోగా పటం కట్టించాలని ఆవిడ ఆరాటం.

"మా మనవరాలు అక్షయ ఫోన్లో ఆవుల ఆట ఆడుతుందా, అదీ ఫ్రీనే. ఆవు కావాలంటే మాత్రం వజ్రాలు, వజ్రాలు కావాలంటే సంచీ, సంచీ ఎంతరా అంటే ముందు నొక్కమంటాడు. ధర చెప్పకుండా పలుపు చేతిలో పెట్టేవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు. సరే, వయసు తెలియాలిగా, ముందు పళ్లు చూద్దామని తెర మీద వేలు పెట్టి ఆవు నోరు తెరిచా. కరిచింది. ఇదిగో మచ్చ."

"అది మొన్న తలుపు సందులో పడ్డ వేలు కదండీ," అన్నాడు ఆటో నడిపే ఆరోన్.

"ఆ తలుపూ ఈ వేలు మీదే పడిందయ్యా, ఏం చెయ్యను? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన సంత పద్ధతిలో ఫోను మీద తువ్వాలు కప్పి, లోపల చెయ్యి పెట్టి వేళ్లతో బేరం మొదలెట్టా. అవతల కంపెనీ ఓనరు చెయ్యి తగిలింది. మెత్తగా, ఏసీలో పెరిగిన చెయ్యి. వాడు ఐదు వేళ్లన్నాడు, నేను రెండన్నా, వాడు వెనక్కి లాక్కోబోయాడు, నేను వదుల్తానా, ఒక్క గుంజు గుంజితే మోచెయ్యి దాకా వచ్చింది, ఇంకో గుంజుకి మనిషే ఊడొచ్చి మా కొట్టంలో గడ్డి మీద పడ్డాడు."

"బూట్లతోనా అండీ?" అన్నాడు ఆరోన్.

"సూటూ బూటూనూ. వెనకాలే ఆవు. తువ్వాలు కింద కూడా కొనేవాడి చేతికి ధర తెలుస్తుందిరా, నీ దగ్గర అదీ లేదే అని చివాట్లు పెట్టా. ఏడ్చేశాడు. లోకంలో ఉన్న యాప్‌లన్నిట్లో ధర లారీ వెనక అక్షరాలంత రాయిస్తానని ఒట్టేసి, మా ఆవిడ పెట్టిన గోంగూర అన్నం తిని, మళ్లీ తువ్వాలు కిందనుంచే వెళ్లిపోయాడు. ఆవు మాత్రం వెళ్లనంది. పూటకి పది లీటర్లిస్తోంది, ఛార్జింగు పెడితే ఇంకో రెండు."

రావమ్మ చేతులు తుడుచుకుని ఫోను ఆయన ముందు పెట్టింది.

"ఓనర్ని గుంజొద్దు, బేరమూ వద్దండీ. ఇది ఎంతో ఎక్కడ రాసుందో చూపించండి, చాలు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని తెరని పైకీ కిందకీ జరిపారు. ఫోను తిప్పి వెనకవైపు కూడా చూశారు. చివరికి, ఇక్కడే ఉండాలే అంటూ, అన్నిటికంటే పెద్దగా ఉన్న పచ్చ బటను నొక్కారు. కొనుగోలు పూర్తయిందని తెర మీద పడింది. ఆ వెంటనే రావమ్మ వాళ్లమ్మ, చిరుగు లేకుండా, నవ్వుతూ.

రావమ్మకి కళ్లు చెమర్చాయి. చాలాసేపు చూసుకుంది.

"మా అమ్మని చూపించారు, సంతోషమండీ," అంది ఆయన తాగిన గ్లాసు తీస్తూ. "టీ పది రూపాయలు, బోర్డు మీదే ఉంది. ఈ నాణేలెంతో బ్యాంకు మెసేజ్ వచ్చాక చెప్తాను, రెండూ కలిపి ఇచ్చెళ్లండి."