ఎడమ స్పీకరు

రండప్పా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. సైకిలు ఆ గోడకు ఆనించు చైతూ. మోకాలు ఇంకా మండుతా ఉండాదా? అది రేపటికి మానిపోతాదిలే. నువ్వన్న మాటే నాకు మానేటట్టు లేదు.

"బెల్లు కొట్టినా జరగడు, పొగరు మనిషి" అన్నావే మా తమ్ముడు అమరనాథ్‌ను? వాడికి తగలకుండా సైకిలు తిప్పబోయి పడినావు, నిజమే. కానీ ఆ మాటకు వీళ్ళందరూ నవ్వినారు కదా? నేను పైన బాల్కనీలో బట్టలు ఆరేస్తా విన్నాను. భయపడొద్దు, మా ఊరి బడిలో కూడా నేను కొట్టే అయివారిని కాను. కథ చెప్పి పంపిస్తాను.

మా తమ్ముడు ఏం పని చేస్తాడో మీకు తెలుసా? మంచం కూడా పట్టని ఆ చిన్న గదిలో కూర్చొని, పాఠాలు చదివి రికార్డు చేసినవాళ్ళ గొంతులు శుభ్రం చేస్తాడు. దగ్గు తీసేస్తాడు, ఫ్యాను చప్పుడు తీసేస్తాడు. మీ అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరదా, అట్లా. కాకపోతే ఏరేది చెవులతో.

సెలవులకు నేను ఊరినుంచి వచ్చేసరికే వాడు చిరాకు మీద ఉండాడు. హెడ్‌ఫోను ఎడమవైపు సరిగా పలకలేదని మార్చినాడంట. కొత్తదీ అంతే అంట. మా మరదలు శశికళ చూసి చూసి, "రోజంతా చెవులకు ఆ డిప్పలెందుకు? బల్లమీద పెట్టుకునే స్పీకర్లు తెచ్చుకోరాదా?" అనింది. తెచ్చినాడు. పుస్తకాల అరలో పట్టేంత పెట్టెలు, జత. మరుసటి రోజే "ఎడమది మందంగా పలుకుతా ఉండాది" అని తిరిగిచ్చి ఇంకో జత తెచ్చినాడు. దాంట్లోనూ ఎడమదే మందం.

దాన్నీ వాపసు ఇచ్చేదానికి నన్ను తోడు పిలుచుకొని నగర్తపేట దగ్గర స్పీకర్ల అంగడికి పోయినాడు. మెట్రోలో వాడి ఎడమపక్క కూర్చొని దారంతా ఏవేవో మాట్లాడినాను. అన్నిటికీ తల ఊపినాడు. ఎంత బుద్ధిగా వింటా ఉండాడో అనుకున్నాను.

అంగడి దేవరాజ్‌కు ఓపిక ఎక్కువ. అరలో ఒక జత పెట్టి, ఎదురుగా కుర్చీ వేసి, వీణ పాట పెట్టినాడు.

"ఎట్లుండాది సార్?"

"ఎడమది మందం."

ఇంకో జత పెట్టినాడు.

"ఇదీ అంతే. మీ అంగట్లో మంచి సరుకే లేదా అప్పా?"

దేవరాజ్ మొహం చిన్నబోయింది. "సార్, ఆ పెట్టె ఈ పక్కకు, ఈ పెట్టె ఆ పక్కకు మార్చి కూడా చూసినాను. నా చెవికి రెండూ ఒకటే" అన్నాడు, నన్ను చూస్తా. నా చెవికీ ఒకటే. ఆ మాట అనలేకపోయినాను.

మా బడిలో ఎవరైనా బోర్డు కనపడలేదంటే నేను బోర్డును ఏమీ అనను. ఆ పిల్లను లేపి ఇంకో చోట కూర్చోబెడతాను. ఆ అలవాటు కొద్దీ అన్నాను: "అమరా, కుర్చీ తిప్పుకో. వీపు స్పీకర్లకు పెట్టి విను."

నవ్వుతా తిప్పుకున్నాడు. ఇంతసేపూ ఎడమనున్న పెట్టె ఇప్పుడు కుడి చెవి వైపుకు వచ్చింది. అర్థమైందా? మీరూ లేచి తిరిగి చూసుకోండి, తప్పులేదు.

"ఇప్పుడది బాగుండాది అన్నా. ఈ పక్కదే మం..."

మాట అక్కడే ఆగింది.

వీణ మోగుతానే ఉండాది. వాడు గోడను చూస్తా అట్లే కూర్చున్నాడు. దేవరాజ్ పోయి నీళ్ళు తెచ్చినాడు. నేనేం చేసినాను? ఆ నీళ్ళు అందుకొని వాడి చేతికిచ్చినాను.

డాక్టరమ్మ చూసి, ఎడమ చెవి నరం దెబ్బతినింది అనింది. "వినికిడి తగ్గిన మొదటి వారంలోనే వచ్చుంటే మందు పనిచేసేదేమో" అనింది. ఆ వారమంతా వాడు హెడ్‌ఫోన్లు మారుస్తా ఉండె.

నిన్న ఆఫీసుకు తానే ఫోను చేసి చెప్పినాడు. పని ఉంటాదో పోతాదో, ఇంకా జవాబు రాలేదు. ఫోను మోగితే శశికళ వంటింట్లో చేస్తున్న పని ఆపేస్తాది. "దాచే మాట కాదులే అన్నా, ఆ పిల్లలకు కూడా చెప్పు" అన్నది వాడే.

నీ బెల్లు వాడికి వినపడింది చైతూ. ఎటునుంచి వస్తా ఉండాదో తెలీలేదు. ఒక చెవితో అది తెలీదంట. ఎటు జరగాలో తెలీక నిలబడిపోయినాడు. నువ్వు దానికి పొగరని పేరు పెట్టినావు.

తల వంచుకోవద్దు. నేను మాత్రం తెలుసుకున్నానా? మెట్రోలో చెప్పినదంతా ఇప్పుడు కుడిపక్క కూర్చొని మళ్ళీ చెప్తా ఉండాను.

స్పీకర్లా? కొన్నాడు. బల్లమీద రెండూ ఉండాయి. ఎడమది తీసి లోపల పెట్టమంటే, "ఉండనీ అన్నా, తలుపు దగ్గర నిలబడి శశి వింటాది కదా" అన్నాడు.

ఇకమీద కనపడితే వాడి కుడిపక్కకు పోయి పలకరించండి. అంతే.

అదో, పైనుంచి ఎవరి అమ్మో పిలుస్తా ఉండాది. చూసినారా, నేను చెప్పకముందే మీ తలలన్నీ ఒకే పక్కకు తిరిగినాయి.

వాడు ఇంక అట్లా తిరగలేడు. ఏం చేస్తాం. పోండి, పోయి తినండి, అన్నం చల్లారిపోతాది.