షిహాతా సంతకం పెట్టనన్నాడట

కాఫీ హోటల్‌కా? నువ్వెళ్ళి తాగిరా తల్లీ, నేను రాను. కోర్టుకెదురుగా ఉన్న ఆ హోటల్ గడప తొక్కి నలభై ఏడేళ్ళయింది. ఎందుకంటే... చెప్తా, చెప్తా. ముందు ఆ ఫైలు బల్ల మీద పెట్టి కూర్చో, టీ ఇక్కడికే తెప్పిస్తా. పొద్దున నువ్వు ఫోనులో మీ అమ్మతో అంటుంటే విన్నాలే, "లా చదివింది ఫైళ్ళు మొయ్యడానికా" అని. నాకు చెవుడు ఒక చెవికే. ఇదిగో, ఇక్కడ జూనియర్‌గా చేరిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు. ఒక్క వకీలమ్మ ఉస్తాజా బహీగా తప్ప. ఆమె ఎవరా? అదేమిటమ్మా, కోర్టు వకీళ్ళ గదిలో ఫొటో చూడలేదూ, పెద్ద కళ్ళజోడు, పొట్టి జుట్టు? ఆమే. నా చేతికింద పని నేర్చుకుంది. నవ్వకు. పెద్ద వకీలు ఉస్తాజ్ ఫహ్మీకి జూనియర్ అని కాగితం మీద ఉండేది గానీ, ఏ గుమాస్తాని ఎలా పలకరించాలో, రికార్డు గదిలో ఎవడు టీ తాగాక గానీ కట్ట విప్పడో, అదంతా నేర్పింది ఎవరనుకున్నావ్? వకీలు గుమాస్తా లేకపోతే వకీలు లేడు. రాసి పెట్టుకో.

మన్సూరా నుంచి పొద్దున్నే రైల్లో వచ్చేది. చేతిలో చిక్కుడుగింజల ఫూల్ రొట్టె, కాగితంలో చుట్టి. అది తింటూనే కోర్టు తలుపు మీద అతికించిన కేసుల పట్టీ చూసి మన నంబర్లు రాసుకునేది. అప్పట్లో జూనియర్లందరికీ కలిపి వకీళ్ళ గదిలో ఒకటే నల్ల గౌను, మేకుకి వేలాడుతుండేది. ఎవరి కేసు పిలిస్తే వాళ్ళు తొడుక్కుని పరిగెత్తాలి. ఆరడుగుల మగాడికి కుట్టించిన గౌను అది. ఈమె తొడుక్కుంటే అంచు చెప్పుల మీద పడేది, చేతులు కనపడేవి కావు. డవాలా బంట్రోతు "గౌను ఒకటే వస్తోంది, లోపల మనిషి ఉందా" అని వేళాకోళం చేసేవాడు. ఇక ఉస్తాజ్ ఫహ్మీ సంగతి తెలుసుగా, అదే, ఇప్పటి మీ సారు వాళ్ళ నాన్న. ఆయన చెప్పే మాట ఒకటే, "వాయిదా అడుగు, వచ్చేయ్. అంతకుమించి నోరు తెరవకు." ఏడాదిపాటు ఆమె చేసింది అదే. తోటి జూనియర్లు ఆమెకి "వాయిదా బేగం" అని పేరు పెట్టారు. ఆమెకో అలవాటుండేది. ఏ కాగితం చేతికిచ్చినా తిప్పి వెనకవైపు చదివేది. నాకు ఒళ్ళు మండేది. "వెనక ఏముంటుందమ్మా, అమీనా గీకిన గీతలు తప్ప" అనేవాణ్ణి. "ఆ గీతలే చదువుతున్నా బాబాయ్" అనేది.

ఆ హోటల్ సంగతికే వస్తున్నా, ఆగు. కోర్టు అమీనా పనేంటి? సమన్లూ తీర్పు నకళ్ళూ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఇవ్వాలి, ఇచ్చినట్టు కాగితం వెనక రాయాలి. ఆ రోజుల్లో మన అమీనా హసనైన్ ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. ఆ హోటల్లో మూల బల్ల వాడిది. అక్కడే కూర్చుని, హుక్కా పీలుస్తూ, ఫలానా ఊరు వెళ్ళాను, ఫలానావాడు తీసుకున్నాడు, సంతకం పెట్టనన్నాడు అని వరసగా రాసి పడేసేవాడు. అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఎవరి అవసరం వాళ్ళది. ఎదురు కుర్చీలో పాచికలాడేది ఎవరనుకున్నావ్? నేనే. అమీనాతో స్నేహం గుమాస్తాకి అన్నం పెడుతుందమ్మా, మన కాగితం ముందు కదలాలంటే అంతే మరి.

సరే. సంతలో జైన్‌హుమ్ అని ఇస్త్రీవాడుండేవాడు. కాలితో నొక్కే పెద్ద ఇనప పెట్టె ఉండేదే, దానితో చేసేవాడు. జడ్జీల గౌన్లు కూడా వాడి దగ్గరికే వెళ్ళేవి. ముందు కొట్టు, వెనక ఒక గది, అందులో వాడూ పెళ్ళాం ముగ్గురు ఆడపిల్లలూ. కొట్టు యజమాని ఖాళీ చేయించాలని కేసు వేశాడు. వీడికి తెలియదు. తీర్పైపోయింది. అదీ తెలియదు. ఒకరోజు కొట్టు తలుపు మీద, వచ్చే శనివారం ఖాళీ చేయిస్తామని కాగితం అంటించి ఉంటే అప్పుడు తెలిసి మన ఆఫీసుకి ఏడ్చుకుంటూ వచ్చాడు. తీర్పు నకలు అందిన రోజు నుంచి నలభై రోజుల్లో అప్పీలు వేయాలి. నకలు అందినట్టు కాగితం చెబుతోంది, గడువు దాటి నెలయింది. ఉస్తాజ్ ఫహ్మీ పెదవి విరిచాడు. అయినా అప్పీలు పడేసి, ఆయన కైరో పనిమీద వెళ్తూ మామూలుగానే "వాయిదా అడుగు" అన్నాడు. వాయిదా అడిగితే ఏమవుతుంది? శనివారం పోలీసుల్ని తీసుకొచ్చి సామాను వీధిలో పెడతారు. ఆ తర్వాత నువ్వు గెలిస్తే ఎంత, ఓడితే ఎంత?

బహీగా రికార్డు గదికి వెళ్ళి కట్టంతా చేత్తో రాసుకొచ్చింది, ముందూ వెనకా. నేను ఇక్కడే, ఈ బల్ల దగ్గరే టీ తాగుతున్నా. జైన్‌హుమ్ ఆ గోడ వారగా చతికిలబడి ఉన్నాడు. ఆమె చదివింది, "నకలు ఆయనతోపాటు అదే ఇంట్లో ఉంటున్న అన్న షిహాతాకి ఇచ్చాను, తీసుకున్నాడు, సంతకం పెట్టనన్నాడు." చదివి నన్నే అడిగింది, "బాబాయ్, ఈ షిహాతా ఎవరు?" నేను నోరు విప్పేలోపు జైన్‌హుమ్ లేచి నిలబడ్డాడు. "మా అన్న, ఉస్తాజా. పోయి నాలుగేళ్ళయింది" అన్నాడు. నా చేతిలో గ్లాసు ఒరిగి టీ అంతా ఫైలు మీద పడింది. ఆమె రుమాలు తీసి తుడిచింది. నా మొహం ఒక్కసారి చూసింది. అంతే.

ఇది నా పెళ్ళానికి కూడా చెప్పలేదు, నీకు చెప్తున్నా. ఆ పేరు ఇచ్చింది నేనే. పాచికలాటలో ఉన్నా. హసనైన్ కాగితం మీంచి తలెత్తకుండా "ఒరే మిత్వల్లీ, ఇస్త్రీ జైన్‌హుమ్ ఇంట్లో ఇంకెవరుంటారు" అన్నాడు. "అన్న షిహాతా" అన్నాను. నేనూ తలెత్తలేదు. ఎప్పటిదో పాత కేసులో ఆ పేరు రాసిన గుర్తు, నోటికొచ్చేసింది. ఆ షిహాతా పోయినప్పుడు సంతాపం డేరాలో కూర్చుని చక్కెర లేని కాఫీ తాగి, మంచివాడయ్యా అని వచ్చినవాణ్ణి నేను. నాకే గుర్తు లేదు. సిగ్గేసిందమ్మా. ఇప్పటికీ వేస్తుంది.

మర్నాడంతా వాన. ఆమె ఆ బురదలో నడిచి ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్ళింది, షిహాతా మరణ ధ్రువపత్రం తీయించుకొచ్చింది. ఎప్పుడూ నన్ను పంపేది అలాంటి పనులకి. ఆరోజు పంపలేదు. విచారణ రోజు ఆ గౌను జైన్‌హుమే ఇస్త్రీ చేశాడు, మడత చూస్తే వేలు తెగేట్టుంది. కేసు పిలిచారు. జడ్జి తలెత్తకుండానే "వాయిదానా?" అన్నాడు. "కాదండీ, వాదిస్తాను" అంది. కోర్టు హాల్లో వెనక బెంచీల్లో నవ్వులు. అవతలి వకీలు, లావుపాటాయన, "అమ్మాయ్, అది సర్కారు కాగితం. అబద్ధమంటే ఫోర్జరీ కేసు వేసుకో" అన్నాడు. ఆమె లేచి, చేతులు గౌనులోంచి బయటికి లాక్కుని, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "ఈ కాగితం ప్రకారం షిహాతా ఫిబ్రవరిలో సంతకం పెట్టనన్నాడు. ఈ కాగితం ప్రకారం ఆయన అప్పటికి పోయి నాలుగేళ్ళు. ఆయన ఏ నోటితో సంతకం పెట్టనంటాడండీ?" అంది. జడ్జి కళ్ళజోడు తీసేశాడు. అప్పుడు అడిగాడు, నేను భయపడుతున్న ప్రశ్నే అడిగాడు. "చచ్చినవాడి పేరు అమీనాకి ఎవరిచ్చారు?"

నేను తలుపు దగ్గర ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నా. పేరు బయటపడితే హసనైన్‌తో పాటు నేనూ పోతాను. నా పేరు చెబితే ఆమె కేసు ఇంకా గట్టిపడుతుంది, ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఆమె వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. "పేరు ఎవరిచ్చారని నేను అడగటం లేదండీ. బతికున్నవాడికి కాగితం అందలేదు, నా అప్పీలుకి అది చాలు" అంది. శనివారం సామాను తీయకూడదని జడ్జి అక్కడే రాయించాడు. అప్పీలు గడువులోనే ఉన్నట్టు రెండు వారాలకి తీర్పొచ్చింది, కొట్టు ఆ తర్వాత జైన్‌హుమ్ పోయేదాకా వాడిదే. హసనైన్‌ని ఎక్కడికో బదిలీ చేశారు. ఉస్తాజ్ ఫహ్మీ కైరో నుంచి దిగి "వాయిదా అడగమంటే వాదించడమేంటి" అని అరిచాడు, రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చూస్తే ఆయన కూడా కాగితాలు వెనక్కి తిప్పి చదువుతున్నాడు.

తర్వాత ఆమె మన్సూరాలో సొంత ఆఫీసు పెట్టింది. ఎంత పేరమ్మా, ఆమె లేస్తే జడ్జీలు కలం కింద పెట్టి వినేవారట. పోయినప్పుడు సంతాపం డేరాలో పట్టనంతమంది. నేనూ కూర్చున్నా. పక్కన ఎవరో కుర్ర వకీలు "మీకు ఆవిడ ఎలా తెలుసు" అంటే "నా చేతికింద నేర్చుకుంది" అన్నా. అబద్ధం, వెనక్కి తిప్పి చదివితే నేర్చుకుంది నేను. ఆ చేదు కాఫీ అలాగే కింద పెట్టి వచ్చేశా.

ఏమిటీ? ఆ, హోటలా. ఆరోజు కోర్టు మెట్లు దిగుతున్నాం. నేను ఏదో చెప్పబోయాను. గౌను మడిచి నా చేతికిచ్చి, "మిత్వల్లీ బాబాయ్, రేపట్నుంచి నీ టీ ఆఫీసులో తాగు, నాతో" అంది. అంతే అంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నీ టీ చల్లారిపోతోంది, తాగు. తాగి, ఆ ఫైల్లో పైన ఉన్న కాగితం వెనక్కి తిప్పు.