మండవల్లి వేడినీళ్ల టబ్బు, అహరోను మేస్త్రి డెక్కు

భీమడోలు స్టేషను బయట మణెమ్మ టీ కొట్లో వడ్రంగి అహరోను మేస్త్రి నోరు తెరిచాడంటే, ప్యాసింజరు బండి వెళ్లిపోయినా పర్వాలేదనుకునేవాళ్లం. రెండు వేల నాలుగు ఎండాకాలం, ఒక పొద్దున్న ఇలా ఎత్తుకున్నాడు.

"మండవల్లిలో చేపల చెరువుల ఆసామి ఒకాయన నాకు కబురెట్టాడండి. వైజాగు నించి వేడినీళ్ల టబ్బు తెప్పించాడు. ఆరుగురు కూర్చుని నానొచ్చు, మీట నొక్కితే బుడగలే బుడగలు. దాన్ని చెరువుగట్టు మీద పెట్టాలంట, కింద చెక్కలతో అరుగులాంటి డెక్కు కట్టాలంట. ఇంకోడైతే టబ్బు పొడుగూ వెడల్పూ చూసి మేకులు కొట్టేస్తాడు. నేను బరువు చూశానండి! లీటరు నీళ్లంటే కేజీ. పదిహేను వందల లీటర్లు, ఆపైన టబ్బు, ఆపైన ఆరుగురు మనుషులు. రెండు టన్నులు! అడుగడుక్కీ దూలం పడాల్సిందే అన్నాను. ఆసామి దణ్ణం పెట్టేశాడు."

"ఇంతవరకూ బాగానే ఉందయ్యా," అన్నారు సుబ్బారావు మాస్టారు.

"వినండి మాస్టారూ. కొల్లేటి బురద కదా, పదడుగుల తాటిదుంగ పాతితే మింగేసింది. దాని నెత్తిన ఇంకోటి పెట్టాను, అదీ మింగేసింది. అలా నలభై దుంగలు దింపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? అడుగున టంగుమంది! రాయి పగిలి సలసల కాగే నీళ్లు పైకి తన్నాయి. ఇంక కరెంటెందుకూ? టబ్బు దానంతటదే నిండింది."

"చెరువులో చేపలు ఉడికిపోలేదా అన్నయ్యా?" అంది మణెమ్మ.

"ఊరంతా గిన్నెలట్టుకొచ్చారమ్మా! ఆరుగురి టబ్బులో అరవై మంది దిగారు, డెక్కు కిర్రుమంటే ఒట్టు. అంతలో కొల్లేరు పొంగింది. నా డెక్కు టబ్బుతో, అరవై మందితో, దుంగలతో సహా ఊడి తేలింది. నేను తెడ్డేసుకుంటూ ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోనిచ్చాను. ఎదురుగా పెద్ద ఓడ! ఆ కెప్టెను టోపీ తీసి, 'మేస్త్రి గారూ, మా ఓడక్కూడా ఇలాంటి డెక్కు ఒకటి...'"

"మేస్త్రి గారూ," అన్నాడు మూల బెంచీ మీద అప్పటిదాకా టీ తాగుతూ వింటున్న కొత్తాయన. "నా పేరు ఫారూఖండి. ఆ ఆసామి దగ్గర గుమస్తాని."

అహరోను చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"టబ్బు ఇంకా అట్టపెట్టెలోనే ఉందండి. కొలతలు తీసుకుని వెళ్లిన మీరు ఎనిమిది నెలల తర్వాత ఇదే కనబడ్డం. ఆ పెట్టెలో మా కోడి రెండుసార్లు గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. బయట మోటారు సైకిలుంది, ఎక్కండి."

మణెమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సామాన్లు తెచ్చుకోవాలి కదండీ," అని నసిగాడు అహరోను.

"మీ ఇంటికెళ్లే వస్తున్నానండి. మీ ఆవిడ కృపమ్మ గారు రంపం, ఉలి, సుత్తి అన్నీ సంచిలో సర్ది ఇచ్చారు. మూడు జతల బట్టలు కూడా పెట్టారండి."

అహరోను సంచి భుజానేసుకుని మోటారు సైకిలు వెనకెక్కి కూర్చున్నాడు.

మూడు వారాలకి తిరిగొచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, అరచేతుల నిండా బొబ్బలు. మేమంతా చుట్టూ మూగాం.

"డెక్కు ఏమైంది మేస్త్రీ?" అన్నారు మాస్టారు.

"నిలబడిందండి," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపు చూశాం. టీ తాగేసి ఇంటికి వెళ్లిపోయాడు.