నాలుగో అధ్యాయం ఫుట్‌నోట్

ముందు ఆ కళ్ళు తుడుచుకోమ్మా. నా గదిలో ఏడుపు చెల్లదని ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నావుగా! వినేవాడి మనసు కరిగించి తీర్పు తిప్పుకోవడం గ్రీకులకెంత బాగా తెలుసో నీ థీసిస్‌లో నలభై పేజీలు రాశావు. నేర్చుకున్న విద్య నామీదే ప్రయోగిస్తావా?

ఏమిటీ? బయటి పరీక్షకులిద్దరూ మెచ్చుకున్నారా? మెచ్చుకున్నారు. కాదనలేదే!

శుక్రవారానికి పట్టా చూపించకపోతే నీ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది, అదీ తెలుసు. సిఫారసు లేఖ రాసిందే నేను కదా.

అయినా థీసిస్ తిరస్కరించారు. ఎవరి మాట మీదా అని అడుగుతున్నావు. గైడుగా నేను పంపిన రహస్య నివేదిక మీద.

కూర్చో. వద్దా? సరే, నిలబడే విను.

మన గురువారాల తరగతి గుర్తుందా? టీ విరామం దాకా ఒక వాదాన్ని సమర్థించాలి, విరామం తర్వాత దాన్నే ఖండించాలి. గ్రీకులు శిష్యుల చేత చేయించిన సాధనే అది. నీ థీసిస్ మీద నేనూ అదే చేశాను. మెచ్చుకుంటూ మూడు పేజీలు, కొట్టిపారేస్తూ ఒక పేజీ. ఆ ఒక్క పేజీ పంపాను.

ఎందుకంటావేం! అంత తెలివైనదానివి, నీకు తట్టలేదూ?

రచనకు అర్థం పాఠకుడి దగ్గరే పూర్తవుతుందన్న నేటి విమర్శకుల మాటకు మూలం, శ్రోతను చూసి మాటను మలిచిన గ్రీకు వక్తల దగ్గరుందన్నావు. ఆధునిక విమర్శ వాళ్ళకేమీ బాకీ లేదని ముప్పై ఏళ్ళ కిందట నేను పుస్తకం రాశాను. నీ నాలుగో అధ్యాయం దాన్ని వరసగా కూల్చుకుంటూ పోయింది. కూలిస్తే కూల్చావు, అది నేను నేర్పిన పనే. నిన్ను క్షమించేవాణ్ణి.

కానీ దాని కింద, చిన్న అక్షరాల్లో, ఎంతో మర్యాదగా ఓ ఫుట్‌నోట్ పెట్టావు చూడు! ‘ఆచార్యులవారు ఈ భాగాన్ని గ్రీకు మూలంలో చూసి ఉండకపోవచ్చు.’ పైగా థీసిస్ నాకే అంకితం! ఎంత ముచ్చటైన పిల్లవమ్మా నువ్వు!

చూడలేదు. చూసినా చదవలేను. నాకు గ్రీకు రాదు. అక్షరాలు మాత్రం పోల్చుకోగలను, బల్ల మీద మూలగ్రంథం తలకిందులు కాకుండా తెరిచి పెట్టుకునేంత వరకు. మిగతాదంతా అనువాదాలూ, నా గొంతూ.

వెళ్ళి విశ్వవిద్యాలయం విచారణ సభలో చెప్తావా? చెప్పు, తప్పకుండా చెప్పు. వాదన సగం గెలిచేది మాట్లాడేవాడి పరువుతోనేనని నువ్వే రాశావు. డిగ్రీ పోగొట్టుకున్న విద్యార్థిని అంటుంది, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ఆచార్యుడు కాదంటాడు.

ఆ సభలో నేను కూర్చుని ఉంటే, అమ్మాయ్, నేనూ నిన్ను నమ్మను.