నలభై వేలమంది చూసిన మైక్రోస్కోపు

వంతెన సారు అబద్ధం ఆడతాడని ఆ టీకొట్టు దగ్గర ఎవరూ అనరు. నిజం అన్నదే ఆయన వేగానికి తట్టుకోలేక వెనకబడిపోతుందంటారు, అంతే. కొట్టు వర్సిటీ వెనక గేటుకి ఎదురుగా ఉంది. సాయంత్రమైతే బల్ల మీద ఆయన, చుట్టూ వినేవాళ్లు. మూడు ప్రభుత్వ వర్సిటీలు కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులకి ఆయన సమన్వయకర్త. "వాటి మధ్య వంతెన నేనే" అని రోజూ అనబట్టి ఆ పేరు పడింది.

ఆ వేళ బల్ల చివర ఒకామె కూర్చుని ఉంది. ఆసుపత్రి ల్యాబ్‌లో సీసాలు కడిగే మనిషి. పాఠాలు ఫోన్లో, ప్రాక్టికల్ వర్సిటీలో అన్న నియమం మీద ఆ కోర్సుల్లోనే చేరి, పసిదాన్ని ఒళ్లో వేసుకుని ల్యాబ్ టెక్నీషియన్ పాఠాలన్నీ వినేసింది. ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. సోమవారంలోగా సర్టిఫికెట్ తెస్తే ఆసుపత్రిలో ఖాళీ అయిన టెక్నీషియన్ కుర్చీ ఆమెది, లేకపోతే ఇంకెవరిదో. ఆసుపత్రి ల్యాబ్‌లో అద్దం అవతల రోజూ కనిపించే మైక్రోస్కోపుని ఇంతవరకూ తుడవడానికైనా ముట్టనివ్వలేదు వాళ్లు. సారు మాట ఆపితే తన మాట చెప్పుకుందామని వచ్చింది. ఆయన ఆపితే కదా.

మొదలు చిన్నగానే పెట్టాడు. ముగ్గురు వైస్ ఛాన్సలర్లని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టానన్నాడు. ఒకాయనకి చక్కెర లేని టీ కావాలి, ఒకాయనకి టీయే వద్దు, మూడో ఆయనకి ఆ ఇద్దరూ వద్దు. అలాంటివాళ్ల చేత సంతకాలు పెట్టించాడట. ఒకచోట లేనిది ఇంకోచోట వాడుకుందాం, చదువు జనం సొత్తు, మధ్యలో గోడలెందుకు అని అడిగితే ముగ్గురూ కళ్లు తుడుచుకున్నారట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క మేష్టారు, ఒక్క పాఠం, మూడు వర్సిటీలు నోరు తెరుచుకుని విన్నాయి. మధ్యలో కరెంటు పోయింది. పాఠం ఆగలేదు."

"కరెంటు లేకుండానా సారూ?" అన్నాడు కొట్టు బాబాయి.

"ఊపు మీదున్న పాఠం బాబాయ్. కరెంటు వచ్చేదాకా దానంతట అదే నడిచింది."

అక్కడితో ఆగితే ఆయన వంతెన సారు ఎందుకవుతాడు? ఒక డ్రైవరు పాఠం గట్టిగా పెట్టుకుని బస్సు నడిపాడట. చివరిదాకా ప్రయాణం చేసినవాళ్లంతా పరీక్ష పాసయ్యారట, సగం దారిలో దిగినవాళ్లకి సగం మార్కులు వచ్చాయట. ఒక నిండు చూలాలు క్లాసు వింటూనే ప్రసవించిందట. పుట్టిన బిడ్డ ముందు హాజరు పలికిందట.

"ఏడవలేదా?" అడిగాడు గెస్ట్ లెక్చరరు. వచ్చే ఏడు తనని ఉంచుతారో ఊడబెరుకుతారో తెలియని మనిషి.

"ఏడ్చింది. మ్యూట్‌లో ఏడ్చింది. అదీ క్రమశిక్షణ."

అందరూ నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది. తన పిల్ల ఏడ్చినప్పుడల్లా పాఠం ఆపి మళ్లీ మొదటినుంచి విన్న సంగతి గుర్తొచ్చి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

జనం నవ్వేసరికి సారు ల్యాబ్ పాఠం ఎత్తుకున్నాడు. ఒక మైక్రోస్కోపు కింద ఒక్క నెత్తురు చుక్క పెట్టించాడట. నలభై వేలమంది ఒకేసారి చూశారట. అంతమంది చూపు పడేసరికి కణం ఉబ్బి ఉబ్బి, గదిలో పట్టక, కిటికీలోంచి ఎగిరిపోయి ఆకాశంలో ఎర్రగా నిలబడిందట. రెండోసారి తెల్లారిందనుకుని కోళ్లన్నీ మళ్లీ కూశాయట.

"మా కోర్సులో చదివిన పిల్ల ఏ వర్సిటీ గడప తొక్కినా ల్యాబ్ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. నేను కట్టిన వంతెన అలాంటిది" అని సారు గ్లాసు ఖాళీ చేశాడు.

ఆమెకి సందు దొరికింది.

"మీ గొంతు నాకు బాగా తెలుసండి. ప్రతి పాఠానికీ ముందు మీరే వచ్చి స్వాగతం చెబుతారు."

సారు మొహం వెలిగింది. విన్నారా అన్నట్టు అందరి వైపూ చూశాడు.

ఆమె దెప్పలేదు, గొంతు పెంచలేదు. ప్రాక్టికల్ కోసం తాను తిరిగిన దారి చెప్పింది. మొదటి వర్సిటీలో ల్యాబ్ గది పాఠాలు తీసే స్టూడియో అయింది. పక్కవాళ్లకి ల్యాబ్ ఉందిగా, మాకెందుకని తీసేశామన్నారు. రెండోదాంట్లో అది మీటింగుల హాలు. వాళ్లూ అదే మాట అన్నారు. ఉన్నది పంచుకోమని సంతకాలు పెట్టినవాళ్లు, పక్కింటి పొయ్యి వెలుగుతుందన్న ధీమాతో ఎవరి పొయ్యి వాళ్లు ఆర్పేసుకున్నారు. ఇక్కడ కొట్టుకి ఎదురుగా ఉన్న గేటు పక్క గోడ మీద 'చదువు బిచ్చం కాదు, హక్కు' అని మనిషెత్తు అక్షరాలు. ఆ అక్షరాల కిందే ఆమె మధ్యాహ్నం నుంచి చేతులు కట్టుకుని నిలబడింది.

"మూడోది మాదే కదమ్మా" అన్నాడు లెక్చరరు మెల్లగా.

"పొద్దున లోపలికీ వెళ్లానండి. ల్యాబ్ గదిలో ఇప్పుడు సారు కుర్చీ ఉంది. తలుపు మీద సమన్వయ కార్యాలయం అని రాసుంది."

బాబాయి స్టవ్ మంట తగ్గించాడు.

"నలభై వేలమంది చూశారన్నారు కదా సార్" అందామె. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. "ఆ మైక్రోస్కోపు ఎక్కడుందో చెప్పండి. సోమవారంలోగా నేనూ ఒకసారి అందులోకి చూడాలి."

సారు చెయ్యి అలవాటుగా లేచింది. వేలు వెనక గేటు వైపు తిరిగి ఆగింది. అక్కణ్ణుంచి బస్సు రోడ్డు వైపు, రోడ్డు నుంచి ఇంకో దిక్కుకి కదిలింది. ఎటూ నిలవలేక చివరికి ఖాళీ గ్లాసు మీద వాలింది.

వినేవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఆమె మాత్రం కదల్లేదు. ఆ వేలు మళ్లీ ఎటైనా చూపిస్తుందేమోనని దాన్నే చూస్తూ కూర్చుంది.