నాలుగు పట్టీలు

పరీక్షల గది. హెలికాప్టర్ తోక లోపల దన్నుగా అతికించే ఫైబర్ పట్టీలు విరిగి బల్ల మీద ఉన్నాయి. వాటిని పరీక్షించిన ఇంజనీరు, వాటిని డిజైన్ చేసిన ఆమె అక్క భర్త బల్లకి చెరోవైపు ఉన్నారు.

“నేను విరగ్గొట్టినవి పదకొండు బావా. రిపోర్టులో ఏడే ఉన్నాయి.”

“మిగతా నాలుగూ మిషన్లో సరిగ్గా బిగించలేదు. అవి లెక్కలోకి రావు.”

“బిగించింది నేను.”

“అదే అంటున్నా.”

“నా మొహం చూసి అనండి.”

“ముందు ఆ తలుపు వెయ్యి.”

“వెయ్యను. ఈ నాలుగూ ఒకేచోట విరిగాయి. లోపల మీరు పెట్టిన రబ్బరు పొర ఎక్కడ ఆగిపోతుందో, సరిగ్గా అక్కడ. గోరు పెడితే పొరలు ఊడొస్తున్నాయి, చూడండి.”

“ఆ రబ్బరు లేకపోతే తోక వణికి చస్తుంది. ఆ వణుకు సగానికి తగ్గించాను. అది కనపడలేదా నీకు?”

“కనపడింది. బలమూ సగానికి తగ్గింది. అదీ కనపడింది.”

“రబ్బరు అంచుని పల్చగా చెక్కితే సరిపోతుంది. వచ్చే విడతలో మారుస్తా.”

“మరి ఈ విడతలో ఎగిరేవాళ్లో?”

“ఎగరగానే విరిగి పడతాయా ఏంటి? నువ్వు మరీనూ.”

“తెలీదు. మీకూ తెలీదు. అందుకే కదా పరీక్ష.”

“పదేళ్లు దీని మీదే కూర్చున్నా. నీకు ఈ మిషన్ నేర్పింది ఎవరు?”

“మీరే. విరిగినదాన్ని దాచొద్దని చెప్పిందీ మీరే.”

“సరే, ఇంటికి రా, మాట్లాడుకుందాం.”

“రిపోర్టు కింద నా సంతకం ఉంది. నేను పెట్టలేదు.”

“అదీ ఇంట్లోనే మాట్లాడుకుందాం.”

“పొద్దున్నే తనిఖీ ఆఫీసుకి వెళ్లొచ్చాను. పదకొండు పట్టీల ఫొటోలూ ఇచ్చేశాను. సంతకం నాది కాదని రాసిచ్చాను.”

“రాసిచ్చేశావా?”

“ఇచ్చేశాను. తోకలు బిగించడం ఆపించారు.”

“నాతో ఒక్క మాట అనుండాల్సింది.”

“మీరు నాతో అన్నారా?”

“అది కాదు. ఇప్పుడు వాళ్లు చేతిరాతలు పోల్చి చూస్తారు.”

“చూడనివ్వండి. మీ రాతేదో తేలుతుంది.”

“నాది కాదు తల్లీ. నీ సంతకం పెట్టడం నాకెక్కడొచ్చు?”

“మరెవరు పెట్టారు?”

“వదిలెయ్, ఇప్పుడెందుకు.”

“బావా. ఎవరు?”

“మీ అక్క. రిపోర్టు ఇంటికి తెచ్చినప్పుడు. వద్దన్నాను. ‘చెల్లి నా పేరు బయటికి రానివ్వదులే, దాన్ని పెంచింది నేను’ అని పెట్టేసింది.”